నాప్ కితాబు వెనక పేజీలో ‘భలే తమ్ముడు’

మా అబ్బా దర్జీ. బాన్సువాడలో నలభై ఏళ్లకు పైగా మిషను తొక్కారు. ఆయన ఇంతెకాల్ తర్వాత దుకాణం సామాను సర్దుతుంటే పాత ఇనప పెట్టె అడుగున ఒక నాప్ కితాబు దొరికింది. ఎవరి ఛాతీ ఎంత, ఎవరి ఆస్తీన్ ఎంత, ఎవరు అడ్వాన్సు ఇచ్చారు, ఎవరు ఉద్దెర పెట్టారు, అంతా ఉర్దూలో ఉంది. కుడివైపు నుంచి తెరిస్తే కొలతలు. అదే కితాబును తెలుగు పుస్తకంలా ఎడమవైపు నుంచి తెరిస్తే పాటలు.

మా బిడ్డ పదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఉర్దూ చదవదు గానీ ఖురాన్ నాజ్రా పూర్తి చేసింది, హర్ఫులు గుర్తుపడుతుంది. ఆ పేజీ చూసి, “అబ్బూ, ఇది ఏం దువా?” అని అడిగింది. చదివి చూడమన్నాను. ఒక్కో హర్ఫు కూడబలుక్కుంటూ పోయింది. రెండు లైన్లు అయ్యాక తలెత్తి నవ్వింది. “అబ్బూ, ఇది తెలుగు!”

నిజమే. ఉర్దూ హర్ఫుల్లో రాసిన తెలుగు సినిమా పాట. పైన అబ్బా చేతిరాతతో సినిమా పేరు: భలే తమ్ముడు. పక్కన బ్రాకెట్‌లో, రఫీ సాబ్.

ఈ సినిమా గురించి ఇప్పుడు పెద్దగా ఎవరూ మాట్లాడరు. ఎన్టీఆర్ సినిమాలు అంటే ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’, ‘దానవీరశూరకర్ణ’ అంటారు. 1969లో వచ్చిన ఈ దొంగా పోలీసు తమాషా, పాటల సినిమా ఎవరి లిస్టులోనూ ఉండదు. కానీ మన ఇళ్లలోని రెండు జుబానులు ఎక్కడెక్కడ కలిశాయో వెతికేవాళ్లకు ఇది మామూలు సినిమా కాదు. అందుకే ఈ దాస్తాన్ మొదటినుంచీ చెబుతాను.

కలకత్తా గల్లీలో మొదలైన కిస్సా

భలే తమ్ముడు అసలు పుట్టిల్లు కలకత్తా. 1962లో శక్తి సామంత హిందీలో ‘చైనా టౌన్’ తీశాడు. షమ్మీ కపూర్‌ది డబుల్ యాక్షన్. ఒకడు మైక్, కలకత్తా చైనా టౌన్‌లో నల్లమందు ముఠా మనిషి. ఇంకొకడు శేఖర్, హోటల్లో పాటలు పాడుకుని బతికే షరీఫ్ ఆద్మీ. మొహాలు ఒకటే. శేఖర్‌ను చూసి పోలీసులు మైక్ అనుకుని పట్టుకుంటారు. తర్వాత అసలు మైక్ వాళ్ల చేతికి చిక్కుతాడు. అప్పుడు పోలీసులకు ఒక తర్కీబ్ తడుతుంది: ఈ పాటగాణ్ణే మైక్‌గా తయారుచేసి ముఠాలోకి పంపితే?

ఇక్కడినుంచే సినిమాకు మజా. చీమకు కూడా హాని చేయనివాడు గూండాలా నడవాలి, గూండాలా కసరాలి, ముఠాలో ఎవరు ఎవరో తెలియకపోయినా తెలిసినట్టు ఉండాలి. మైక్ మాషూకా సూజీ, అంటే హెలెన్, దగ్గరికి వస్తే ఈ బిచారాకు చెమటలు. అవతల తాను ప్రేమించిన అమ్మాయి షకీలా. చివరకు తెలిసేది ఏమిటంటే, ఆ మైక్ ఎవరో కాదు, చిన్నప్పుడు తల్లి దగ్గరనుంచి తప్పిపోయిన సొంత అన్న.

సంగీతం రవి, పాటలు మజ్రూహ్ సుల్తాన్‌పురి. మజ్రూహ్ సాబ్ అసలు పేరు అస్రారుల్ హసన్ ఖాన్. యునానీ హకీమ్‌గా చదువుకుని గజల్ షాయర్ అయిన మనిషి. ఈ సినిమాలో రఫీ పాడిన ‘బార్ బార్ దేఖో’ ఇప్పటికీ షాదీ బ్యాండ్లలో మోగుతూనే ఉంటుంది.

సినిమా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. చైనా టౌన్ అంటే కలకత్తాలో తరతరాలుగా చైనా కుటుంబాలు బతికిన మొహల్లా. అక్కడివాళ్లు తోలు పని చేశారు, చెప్పులు కుట్టారు, వడ్రంగం చేశారు, హోటళ్లు నడిపారు. తెరమీద మాత్రం అది నల్లమందు, జూదం, కత్తిపోట్ల అడ్డా. చైనా విలన్ వేషం వేసింది మదన్ పురి అనే పంజాబీ నటుడు. అంతకుముందు 1958లో అదే దర్శకుడి ‘హౌరా బ్రిడ్జ్’లోనూ ఆయనది అలాంటి వేషమే.

అదే 1962 అక్టోబరులో చైనాతో జంగ్ వచ్చింది. దేశంలోని చైనా సంతతి వాళ్లను, ఇక్కడే పుట్టిన పిల్లలతో సహా, దాదాపు మూడువేల మందిని పట్టుకుని రాజస్థాన్‌లోని దేవలీ క్యాంపుకు పంపారు. కొందరు అక్కడ ఏళ్ల తరబడి ఉన్నారు. సినిమా వల్ల ఇది జరిగిందని నేను అనను. కానీ ఒక గల్లీ పేరు చెబితే జనానికి ముందు గూండా గుర్తుకొచ్చేలా సినిమాలు అలవాటు చేస్తే, రేపు ఆ గల్లీ వాళ్లమీద జుల్మ్ జరిగినప్పుడు అడిగేవాళ్లు తక్కువవుతారు. ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. మన మొహల్లాలు సినిమాల్లో ఎట్లా కనిపిస్తాయో చూస్తూనే ఉన్నాం.

కథల లేన్ దేన్

ఇప్పుడు ఈ కిస్సా దక్షిణాదికి ఎట్లా వచ్చిందో చూద్దాం. అప్పట్లో మద్రాసుకు, బంబయికి మధ్య కథల వ్యాపారం జోరుగా సాగేది. సరుకు రెండు వైపులా నడిచేది.

1964లో రామానాయుడు తీసిన ‘రాముడు భీముడు’లో ఎన్టీఆర్‌ది డబుల్ యాక్షన్. కథ, మాటలు డి.వి. నరసరాజు. దర్శకుడు తాపీ చాణక్య. మరుసటి ఏడే అది తమిళంలో ఎంజీఆర్‌కు ‘ఎంగ వీట్టు పిళ్ళై’ అయింది. 1967లో హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’ అయింది. నిర్మాత మన విజయా నాగిరెడ్డి, దర్శకుడు మళ్లీ తాపీ చాణక్యే. హీరో దిలీప్ కుమార్, అంటే పెషావర్ యూసుఫ్ ఖాన్. నౌషాద్ బాణీలు, షకీల్ బదాయూని పాటలు. అంటే తెలుగువాడు రాసుకున్న కథను ఉర్దూ దునియాలోని ముగ్గురు ఉస్తాదులు భుజాన వేసుకున్నారు.

చైనా టౌన్ దానికి ఉల్టా ప్రయాణం. 1968లో తమిళంలో ఎంజీఆర్‌తో ‘కుడియిరుంద కోయిల్’గా వచ్చింది. 1969లో తెలుగులో ఎన్టీఆర్‌తో భలే తమ్ముడు. నిర్మాత అట్లూరి పుండరీకాక్షయ్య, దర్శకుడు బి.ఎ. సుబ్బారావు. 1950లో ‘పల్లెటూరి పిల్ల’ తీసిన సుబ్బారావే ఈయన. హీరోయిన్ కె.ఆర్. విజయ. సంగీతం టి.వి. రాజు. తర్వాత కాలంలో రాజ్-కోటి జంటగా పేరు తెచ్చుకున్న రాజ్ ఈయన కొడుకే.

అబ్బా దీనిమీద ఒక జోక్ వేసేవారు. “షమ్మీ కపూర్ దొంగ వేషం వేస్తే ఏం కాలేదు. ఎంజీఆర్ వేస్తే ముఖ్యమంత్రి అయిండు, ఎన్టీఆర్ వేస్తే ముఖ్యమంత్రి అయిండు. హమ్ ఇత్తే దిన్ షరాఫత్ సే కపడే సియే, క్యా మిలా?” 1977లో ఎంజీఆర్, 1983లో ఎన్టీఆర్ కుర్సీ ఎక్కారు. లెక్క మాత్రం సరిగ్గానే ఉంది.

తెలుగులో కథ సారం అదే. ఒకే పోలిక ఉన్న ఇద్దరు అన్నదమ్ములు, ఒకడిది నేరాల దారి, ఇంకొకడిది పాటల దారి. కానీ పేరు మారింది. కలకత్తా మొహల్లా పేరు పోయి, తమ్ముడు వచ్చాడు. తెలుగు ప్రేక్షకులకు చైనా టౌన్ అంటే అంతగా తెలియదు, అందుకే మార్చి ఉంటారని ఎవరైనా అనొచ్చు. కావచ్చు. అయినా నాకు ఈ మార్పు బాగుంటుంది. గల్లీ పేరుమీద ఇల్జామ్ వేసే టైటిల్ తీసేసి, ఆ దొంగకూ మంచివాడికీ మధ్య ఉన్న రిష్తాను పేరుగా పెట్టారు.

ఎన్టీఆర్ మొహం, రఫీ గొంతు

అసలు కమాల్ ఇప్పుడు వస్తుంది. ఎన్టీఆర్ పాట అంటే ఘంటసాల గొంతు. జనం చెవుల్లో అది అంత గట్టిగా పడిపోయింది. అలాంటిది ఈ సినిమాలో ఎన్టీఆర్‌కు మహమ్మద్ రఫీ పాడారు.

రఫీ సాబ్‌కు తెలుగు సినిమా కొత్త కాదు. చిత్తూరు నాగయ్య తీసిన ‘భక్త రామదాసు’లో కబీర్ పాత్రకు ఆయన పాడారు. కబీర్‌కు రఫీ గొంతు అంటే అందరికీ సరిపోతుంది. కానీ నిలువెత్తు తెలుగు హీరో నోరు తెరిస్తే అమృత్‌సర్ దగ్గరి కోట్లా సుల్తాన్ సింగ్‌లో 1924లో పుట్టిన మనిషి గొంతు రావడం వేరే సంగతి.

చైనా టౌన్‌లో ‘బార్ బార్ దేఖో’ ఉన్న జాగాలో ఇక్కడ ‘ఎంతవారు గాని’ అనే క్లబ్ పాట వస్తుంది. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. నడక ఒకటే. మజ్రూహ్ సాబ్ ఉర్దూ మాటలు ఏ కొలతలో తెగాయో, తెలుగు మాటలు అదే కొలతలో తెగాయి. దర్జీ కొడుకును కాబట్టి నాకు అట్లాగే తోస్తుంది. నాపు ఒకరిది, గుడ్డ ఇంకొకరిది, అయినా కుట్టు ఎక్కడా లాగదు.

ఆ పాటే అబ్బా కితాబులో ఉన్నది. అబ్బాకు తెలుగు మాట్లాడటం ధారాళంగా వచ్చు. చదవడం, రాయడం రాదు. ఉర్దూ మీడియంలో ఏడో జమాత్ దాకా చదివి మిషను ఎక్కారు. అందుకే వినగా వినగా వచ్చిన మాటలను తనకు తెలిసిన హర్ఫుల్లో పెట్టుకున్నారు.

ఉర్దూలో తెలుగు రాయడం ఎంత తంటానో చేసి చూస్తే తెలుస్తుంది. మన ఉర్దూలో ళ లేదు, ణ లేదు. ఎ, ఏ మధ్య తేడా చూపించే హర్ఫు లేదు, ఒ, ఓ మధ్య కూడా లేదు. జేర్, జబర్, పేష్ పెట్టకపోతే చదివేవాడి కిస్మత్. అబ్బా రాతలో కళ్ళు, కల్లు ఒకే రకంగా ఉంటాయి. నేను తెలుగు డిగ్రీ చదివే రోజుల్లో ఈ తప్పు చూపించి నవ్వాను. ఆయన నవ్వలేదు. “ఏ షాయర్‌నైనా అడుగు, రెండింటికీ ఫరక్ ఉందంటాడా?” అన్నారు. ఆంఖోఁ కా నషా మీద బతికిన షాయరీ మనది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకో దిల్‌చస్ప్ సంగతి. ఉర్దూ లిపిలో లేని ళ, ణ శబ్దాలు రెండూ పంజాబీలో ఉన్నాయి. రఫీ సాబ్ మాదరీ జుబాన్ పంజాబీ. అంటే అబ్బా కలానికి అందని శబ్దాలు రఫీ నాలుకకు పుట్టుకతోనే తెలుసు. ఆ తెలుగులో వేరే ఊరి వాసన ఉంది, కాదనను. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తేడాగా పడతాయి. కానీ ఆ గొంతులో అదబ్ ఉంది. అర్థం తెలియని భాషను కూడా మెహమాన్ ఇంట్లో అడుగుపెట్టినంత ఎహతియాత్‌తో పాడారు.

ఉర్దూలో చదివిన తెలుగు కవి

ఆ కొలతకు గుడ్డ కోసింది ఎవరు? సి. నారాయణరెడ్డి, మన సినారె.

1931లో కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టారు. ఇప్పుడది రాజన్న సిరిసిల్ల జిల్లా. సినారె చదువు సాగింది ఉర్దూ మీడియంలో. ఆయనకు అది ఇష్టమా కాదా అని ఎవరూ అడగలేదు. నిజాం హుకూమత్‌లో పై చదువు అంటే ఉర్దూయే. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు, లెక్కలు, తారీఖ్ అన్నీ ఉర్దూలో చెప్పడం మనకు ఫఖర్. మన ఇళ్లలో ఆ మాట గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ దాని పక్కనే ఇంకో మాట ఉంది. రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, వాళ్ల పిల్లలకు తమ జుబాన్‌లో పై చదువు లేదు. ఇన్సాఫ్ అంటే ఈ రెండు మాటలూ కలిపి చెప్పడం.

రుద్దిన భాషమీద కోపం రావడం సహజం. చాలామందికి వచ్చింది. సినారె మాత్రం ఆ ఉర్దూను దిల్‌కు పట్టించుకున్నారు. తర్వాత ఉస్మానియాలోనే తెలుగు ఎం.ఏ. చేశారు, డాక్టరేట్ తీసుకున్నారు, అక్కడే తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. తెలుగులో గజళ్లు రాసి, తానే గొంతెత్తి పాడారు. ‘విశ్వంభర’కు 1988 జ్ఞానపీఠం వచ్చింది. సినిమాల్లోకి వచ్చింది 1962లో ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’తో. ఆ కథ కూడా ఫార్సీ, ఉర్దూ దాస్తాన్ల నుంచి నడిచొచ్చిన గుల్-ఎ-బకావలీయే. భలే తమ్ముడు వచ్చిన 1969లోనే విశ్వనాథ సత్యనారాయణ నవల ‘ఏకవీర’ సినిమాకు ఆయన మాటలు రాశారు. ఒకవైపు మధుర నాయకరాజుల కాలపు తెలుగు, ఇంకోవైపు మజ్రూహ్ నడకలో క్లబ్ పాట. ఒకే ఏడు, ఒకే కలం.

ఆయన ఒంటరి కాదు. దాశరథి కృష్ణమాచార్య నిజాం జైల్లో మగ్గిన కవి. ఆ హుకూమత్‌మీద నిప్పులు కురిపించిన మనిషి. అదే దాశరథి మీర్జా గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి ‘గాలిబ్ గీతాలు’ ఇచ్చారు. పాదుషా మీద కోపం షాయర్ మీద చూపించలేదు. హుకూమత్ తెచ్చిన జుబాన్‌ను మొహబ్బత్‌తో సొంతం చేసుకోవచ్చని ఈ ఇద్దరూ చూపించారు.

ఒకసారి అంతా కలిపి చూడండి. బెంగాలీ దర్శకుడి కథ, ఉర్దూ షాయర్ నడక, ఉర్దూ మీడియం తెలుగు కవి మాటలు, పంజాబీ ముసల్మాన్ గొంతు, కృష్ణా జిల్లా హీరో మొహం. బాన్సువాడ దర్జీ పిల్లవాడు దాన్ని ఉర్దూ హర్ఫుల్లో రాసుకున్నాడు. ఇందులో ఏది ఎవరి భాష?

బాన్సువాడ, ఆ రోజులు

మా ఊరు తెలియనివాళ్లకు రెండు మాటలు. బాన్సువాడ ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016 దాకా నిజామాబాద్ జిల్లా. మంజీరా వాగు మీద 1923లో మొదలుపెట్టి 1931 నాటికి కట్టిన నిజాంసాగర్ మాకు దగ్గర. దాని పని చూసిన చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్లతోనే మా దగ్గర వరి, చెరుకు. అటు బోధన్‌లో ఒకప్పుడు నిజాం చక్కెర ఫ్యాక్టరీ నడిచేది. పడమటికి పోతే మద్నూర్, జుక్కల్ వైపు మరాఠీ, కన్నడ కూడా వినబడతాయి. సంతలో ఒకే మనిషి మూడు భాషల్లో బేరమాడటం మాకు వింత కాదు.

1969లో తెలంగాణ అంతా మండుతోంది. ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, కాలేజీలు మూతపడ్డాయి, పోలీసు కాల్పుల్లో పిల్లలు చచ్చిపోయారు. ఎవరి భాష అసలు తెలుగు, ఎవరిది తురక తెలుగు అనే మాటలు గట్టిగా వినబడ్డ కాలం అది. మన దవాఖాన, జల్ది, షురూ, పరేషాన్, బరాబర్ మాటలను వెక్కిరించేవాళ్లు ఉండేవాళ్లు. ఆ వెక్కిరింత హిందువుల తెలంగాణ తెలుగుమీద కూడా పడింది. ఆ ఒక్క సంగతిలో మేమూ వాళ్లూ ఒకే బెంచీమీద కూర్చున్నాం.

సినిమా మా వైపు ఆలస్యంగా వచ్చింది. అబ్బా చూసింది డేరా టాకీసులో, మరుసటి ఎండాకాలం. దాదాకు సినిమా అంటే పడదు, హరామ్ అనేవారు. అబ్బా అప్పుడు ఉస్తాద్ దగ్గర కాజాలు కుట్టే పిల్లవాడు. గిరాకీకి బట్టలు ఇచ్చి వస్తానని ఇంట్లో చెప్పి, సంచిలో నిజంగానే ఒక షేర్వానీ పెట్టుకుని, నేల టికెట్ కొన్నారు. తెరమీద పాట మొదలై రఫీ గొంతు వినబడగానే, పక్కన కూర్చున్న మాముజాన్ లేచి నిలబడి, “అరే, అప్‌నే రఫీ సాబ్! తెలుగులో!” అని కేకేశారట. వెనకవాళ్లు కూర్చోమని తిట్టారట. తిట్టినవాళ్లే పాట అయ్యాక ఈలలు వేసి మళ్లీ వేయమని గోల చేశారట.

షేర్వానీ మాత్రం ఇసుకలో నలిగింది. ఆ దెబ్బలు అబ్బా చివరిదాకా మరచిపోలేదు. కానీ ఆ కిస్సా చెప్పేటప్పుడు ఆయన మొహంలో కనిపించేది దెబ్బల బాధ కాదు. “ఆ రోజు అందరి మధ్య నాది కూడా ఒక టికెట్ అనిపించింది బేటా” అనేవారు. నేల టికెట్ అందరికీ ఉంటుంది కదా అనుకునేవాణ్ణి. డిగ్రీలో చేరాక ఆ మాట అర్థమైంది.

రెండు సవాళ్లు

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. డిగ్రీకి తెలుగు సాహిత్యం తీసుకుంటానంటే ఫారం తీసుకున్న మనిషి కళ్లద్దాలు దించి చూశాడు. “సాయిబుల పిల్లగానివి, నీకు తెలుగు ఎందుకురా? ఉర్దూ తీసుకో, మార్కులన్నా వస్తయి” అన్నాడు. కోపంతో అనలేదు, మేలు చేస్తున్నాననుకునే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటికి వచ్చి చెబితే ఒక బుజుర్గ్ రిష్తేదార్ ఇంకో వైపు నుంచి అందుకున్నారు. “అప్నీ జుబాన్ ఛోడ్ కే తెలుగు పఢ్తా? కల్ కో నమాజ్ భీ తెలుగు మే పఢ్తా క్యా?”

అక్కడ నాది తెలుగు కాదన్నారు, ఇక్కడ నాది తెలుగు కాకూడదన్నారు. ఇద్దరి మాటా ఒకటే. అబ్బా అప్పుడు మిషను ఆపకుండానే ఒక మాట అన్నారు. “సినారె ఉర్దూలో చదివి తెలుగు పండితుడు అయితే ఎవరూ ఏమనలేదు. నువ్వు అదే రోడ్డు మీద పోతున్నావు. జా.” తర్వాత రఫీ పాట కూనిరాగం తీశారు.

సినారెదీ నాదీ ఒకే రోడ్డు కాదని ఇప్పుడు నాకు తెలుసు. ఆయన ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. నాకు ఇంట్లో దక్కనీ, బడిలో ఉర్దూ, బజారులో తెలుగు. ఆయన ఉర్దూ నేర్చుకుంటే విద్వత్తు అన్నారు. నేను తెలుగు నేర్చుకుంటే తాజ్జుబ్ పడ్డారు. ఇరవై ఏళ్లుగా తెలుగు పత్రికల్లో రాస్తున్నా “మీ తెలుగు చాలా బాగుందండీ” అని ఇప్పటికీ ఎవరో ఒకరు మెచ్చుకుంటారు. తెలుగువాణ్ణి తెలుగు బాగా మాట్లాడుతున్నావని మెచ్చుకోవడం ఏమిటో వాళ్లకు తట్టదు. షేక్ నాజర్ బుర్రకథ చెబితే కోస్తా ఊళ్లు కదిలిపోయాయి. ఆయనకు 1986లో పద్మశ్రీ వచ్చింది. అయినా మనం మళ్లీ మళ్లీ తెలుగు ఇంతెహాన్ రాస్తూనే ఉండాలి.

తర్వాత ఏమైంది

రఫీ సాబ్ తెలుగు ప్రయాణం అక్కడితో ఆగలేదు. 1976లో ఎన్టీఆర్ ‘ఆరాధన’లో ఆయన పాటలు ఊరూరా మోగాయి. ఎన్టీఆర్ స్వయంగా తీసిన ‘అక్బర్ సలీం అనార్కలి’లో యువకుడైన బాలకృష్ణకు పాడారు. ఆ పాటలూ సినారె రాసినవే, సంగీతం సి. రామచంద్ర. 1979లో ఎన్టీఆర్ మళ్లీ ఇలాంటి కిస్సానే చేశారు. సలీం-జావేద్ రాసిన ‘డాన్’ను తెలుగులో ‘యుగంధర్’గా తీశారు. అమాయకుడు గూండాలా నటించే అదే తమాషా. ఆ డాన్ జనానికి గుర్తుంది, దానికంటే ముందు నడిచిన చైనా టౌన్, భలే తమ్ముడు వెనక్కి పోయాయి.

1980 జులై 31న, రంజాన్ నెలలో, రఫీ సాబ్ వెళ్లిపోయారు. సినారె 2017 జూన్ 12న పోయారు. అది కూడా రంజాన్ నెలే. ఆ సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక అబ్బా రేడియో పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నారు. తెలుగు చదవడం రాని మనిషి తెలుగు కవి కోసం దువా చేశారు.

ఇప్పుడు ఆ నాప్ కితాబు నా బల్లమీద ఉంది. పాటల పేజీలు మొత్తం ఇరవై రెండు. కొన్ని చోట్ల సిరా చెదిరింది, ఒక చోట కొవ్వొత్తి మైనం పడింది. మా ఇంట్లో ఇది పూర్తిగా చదవగలిగేది నేనొక్కణ్ణే. అమ్మీకి చూపు ఆనదు. తమ్ముడి పిల్లలకు ఉర్దూ రాదు. మా బిడ్డ హర్ఫులు చదవగలదు, తెలుగు అర్థం చేసుకోగలదు, కానీ ఆ మధ్యలో అబ్బా వదిలేసిన జేర్, జబర్‌లు ఊహించలేదు. నా తర్వాత ఇది ఒక దర్జీ పాత కాగితాల కట్ట అయిపోతుంది.

అందుకే ప్రతి జుమ్మా తర్వాత ఒక గంట ఇద్దరం కూర్చుంటున్నాం. తను హర్ఫులు చదువుతుంది, నేను మాట చెబుతాను, తను తెలుగు లిపిలో రాస్తుంది. భలే తమ్ముడు పాట పూర్తయింది. రాసిందాన్ని ఫోన్‌లో రఫీ పాటతో సరిచూసుకుంటే అబ్బా మూడు మాటలు తప్పు విన్నారని తేలింది. “దిద్దాలా అబ్బూ?” అని అడిగింది. వద్దన్నాను. ఆ మూడు తప్పులూ డేరాలో నేలమీద కూర్చుని, దాదాకు భయపడుతూ విన్న పిల్లవాడివి.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి బయాజ్‌లు ఉండొచ్చు. కిరాణా ఖాతాల వెనక, రేషన్ కార్డుల సంచిలో, దాదీ సందూక్‌లో. ఉర్దూ హర్ఫుల్లో ఉన్నది చూసి దువా అనుకుని పక్కన పెట్టేయకండి. ఒకసారి పైకి చదవండి. తెలుగు వినబడితే, రాసినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల పక్కన కూర్చుని అడగండి. నేను కొన్నేళ్లు ఆలస్యంగా అడుగుతున్నాను.